జీవమ్మ పోని పట్నం

మన గుండ్లవంక క్రైస్తవ సంఘం పుట్టి ఈ ఏటికి యాభై ఏళ్ళు. పండుగ పుస్తకానికి సంఘంలోని మనుషుల జీవితాలు నాలుగైదు రాయమని పెద్దలు నాకు ఒప్పగించారు. ఒప్పగించడానికి ఇంకెవరున్నారు? ఈ పల్లెలో ఎనిమిదో తరగతి ప్యాసై, ట్రైనింగు ముగించి, ముప్పై ఒక్క ఏడు ఒకే బడిలో పలకలు పట్టించినవాణ్ణి నేనే. నా చేతి కింద అక్షరాలు దిద్దినవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, డేరాల్లో నడిచే ఆఫీసుల ముందు మూడు రోజులు ఎండలో నిలబడి బడికి రెండో ఉపాధ్యాయుణ్ణి తెచ్చింది నేను. యాభై రెండో సంవత్సరం కరువులో గంజి కేంద్రం నడిపి తహసీల్దారు చేత సర్టిఫికెట్టు అందుకున్నది నేను. అద్దం కట్టించి ఇంట్లో పెట్టుకున్నాను. చుట్టుపక్కల మూడు పల్లెలకు ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా గాబ్రియేలు మాస్టరు దగ్గరికే వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

ఇవి రాయమంటే నా చేయి ఆగదు. జీవమ్మ గురించి రాయడానికి మాత్రం మూడుసార్లు కాగితం తీసి మూడుసార్లు మడిచిపెట్టాను. ఆ పిల్ల ఒక్క పట్నం చూడాలనుకుంది. చూడలేకపోయింది. కారణం ఒక్క మాట. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. సంఘపు పుస్తకంలో సంఘపు పెద్ద ఇది రాయవచ్చునా అని కొందరు అడిగారు. రాయకపోతే నేను రాసిన మిగతావన్నీ ఎవరు నమ్ముతారు?

జీవమ్మ మన బాలస్వామి కూతురు. బాలస్వామి బావులు తవ్వే మనిషి. కోడుమూరు చుట్టూ అతని గడ్డపార దిగని చేను అరుదు. అరవై బావులు తవ్వితే నీళ్ళు పడ్డవి పందొమ్మిది. చివరి బావిలో మందు పేలి రాయి మోకాలి మీద పడింది. అప్పటినుంచి కుడికాలు వంకరపోయి, వాకిట్లో కూర్చుని మోకులు పేనుతూ ఉంటాడు. తల్లి ఓబులమ్మ శెనక్కాయ చేలల్లో కూలికి పోయి ఇల్లు నడిపింది. మన పేటలో అయిదో తరగతి ప్యాసైన మొదటి ఆడపిల్ల జీవమ్మ. చదివించింది నేను. ఎక్కాలు ఇరవై వరకు, కీర్తనలు ముప్పై, కంఠతా.

కరువు నాటికి పిల్లకు పదిహేడేళ్ళు. గంజి కేంద్రంలో తనకంటే ఎత్తైన తెడ్డుతో అండాలో గంజి కలిపేది. ఆ కేంద్రం ముందే, వరుసలో నిలబడి ఉండగానే, తమ్ముడు వాంతులు బేదులు పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. మూడో రోజు జీవమ్మ మళ్ళీ తెడ్డు పట్టుకుంది. పాలపొడి డబ్బాలతో వచ్చిన జర్మనీ నర్సు మార్తమ్మ దొరసాని అది చూసి, పిల్లను తన వెంట మిషను ఆసుపత్రికి పిలుచుకుపోయింది. నర్సు పని, మంత్రసాని పని నేర్పించింది. నాలుగున్నర ఏళ్ళలో జీవమ్మ ఇంటికి వచ్చింది మూడుసార్లే. మేము చూసినప్పుడల్లా ఆమె చేతుల్లో ఏదో ఒక పని ఉండేది. ఊరికే కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

యాభై ఏడో సంవత్సరం జూలైలో నాలుగోసారి వచ్చింది. ఈసారి చేతిలో పుస్తకం ఉంది. ముప్పై రెండు పేజీలు, నున్నటి కాగితం, నిండా బొమ్మలు. మార్తమ్మకు వయసు మీరింది. అక్టోబరు ఓడలో తన దేశం వెళ్ళిపోతూ ఉంది. పోతూ పోతూ ఒక పిల్లను వెంట తీసుకుపోయి, హాంబర్గు పట్నంలో తాను చదువుకున్న ఆసుపత్రిలోనే రెండేళ్ళ చదువుకు చేర్పించే ఏర్పాటు చేసుకుంది. అడ్డం తిరిగిన బిడ్డను, తల్లిని ఇద్దరినీ దక్కించే విద్య. ఒక్క పిల్లకే చోటు, ఒక్కసారే. ఆ పిల్ల జీవమ్మ. ఆ పట్నంలో విద్యార్థులు ఖాళీ వేళల్లో ఏమేం చూడవచ్చో, ఎక్కడెక్కడికి పోవచ్చో చెప్పే పుస్తకం అది. వేరే దేశాలనుంచి వచ్చే పిల్లల కోసం ఇంగ్లీషులో అచ్చువేశారు.

చదువు సంగతి జీవమ్మ ఒక్క మాటలో ముగించేది. పుస్తకంలో సంగతులు మాత్రం ఎంత చెప్పినా తనివి తీరేది కాదు. ఒకరోజు నేనే అడిగాను, చదువుకోబోతున్నావా, షికారుకు పోతున్నావా అని.

"పని యాడైనా ఉండాది మాస్టరయ్యా," అంది. "పని అయినాక పోయేదానికి ఒక తావు ఉండల్ల గదా. అట్లాది ఈడ యాడుండాది?"

నేను పని అయ్యాక ఇంకో పనికి పోయేవాణ్ణి.

ఆ ఏడు వానలు లేవు. పేట ఆడవాళ్ళు వంకలో ఇసుక తోడి చెలమ చేసుకుని, ఊరిన నీళ్ళను టెంకాయ చిప్పతో కడవల్లో పోసుకునేవాళ్ళు. ఒక కడవ నిండాలంటే గంట పట్టేది. వంతు కోసం కూర్చున్నవాళ్ళకు జీవమ్మ హాంబర్గు చెప్పేది. నేను బడికి పోతూ గట్టు మీద నిలబడి విన్నాను. ఊరి నడుమ పెద్ద చెరువు ఉందనీ, విద్యార్థులు సాయంత్రం పూట అక్కడికి పోతారనీ చెబుతూ ఉంది. పక్కింటి హనుమంతమ్మ చిప్ప ఆపి అడిగింది.

"అన్ని నీళ్ళు నడూర్లో పెట్టుకొని ఏం చేస్తారంట?"

"చూస్తారంట పిన్నమ్మా. పడవ ఎక్కి ఈ కొస నుంచి ఆ కొసకు పోతారంట."

"పోయి?"

"మళ్ళా ఎనక్కి వస్తారంట."

"కడవ కూడా లేకుండానా?"

అందరూ నవ్వారు. హనుమంతమ్మ చిప్ప ఇసుకలో ఆనించి, నీళ్ళను చూసేదానికి పోయేవాళ్ళను నా పుట్టుకలో వినలేదమ్మా, నువ్వు పోయి నా వంతుకు కూడా చూసి రా, అంది. వంతు జరిగింది. జీవమ్మ, అక్కడి తోటలో సంగీతానికి తగినట్టు రంగు దీపాల మధ్య ఎగిరే నీళ్ళను గురించి మొదలుపెట్టింది. నాకు బడికి ఆలస్యమైంది.

ఇంట్లో బాలస్వామికి ఆమె వేరే పేజీ చదివేది. ఆ పట్నంలో ఏటి అడుగున సొరంగం తవ్వారట, ఈ గట్టున దిగి ఆ గట్టున ఎక్కవచ్చునట. చూడడానికి విద్యార్థులు గుంపులుగా పోతారట.

"ఏటి కింద తవ్వితే ఊట పడలేదా?" అన్నాడు బాలస్వామి.

"పడకుండా తవ్వినారు నాయనా."

బాలస్వామి పేనుతున్న మోకు వదిలేసి చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. "నేను పడల్లని తవ్వితి. ఆయప్పలు పడగూడదని తవ్విరి," అన్నాడు. తర్వాత, వచ్చేటప్పుడు ఆ గోడకు ఏం రాయి కట్టినారో అడిగి రమ్మన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఆమె పోతుందనే విషయంలో అనుమానం లేదు.

కావలసింది ఒక్క కాగితం. పిల్ల నడవడిని గురించి సంఘం ఇచ్చే ఉత్తరం. పాస్టరు అయ్యగారు, పెద్దలం నలుగురమూ చేవ్రాలు చేసి, సెప్టెంబరు ముప్పైలోగా మద్రాసులో మిషను ఆఫీసుకు చేరాలి. మన అయ్యగారికి పన్నెండు ఊళ్ళు. నెలకు ఒక ఆదివారమే మన ఊరు వస్తారు. సెప్టెంబరు పదిహేను ఆదివారం. ఆరాధన కాగానే పెద్దలం కూర్చున్నాము. ఆడపిల్లను అంత దూరం పంపుతున్నాము, అక్కడ సాయంత్రాలు ఎక్కడ గడుపుతుందో సంఘానికి తెలియాలి, ఆ పుస్తకమేదో చదివి వినిపించండి అన్నాడు శేషన్న. శేషన్న నాకంటే పెద్దవాడు, సంఘంలో మొదటి పెద్ద.

అతను ఎందుకు అడిగాడో మీకందరికీ తెలుసు. తెలియని పిల్లల కోసం రాస్తున్నాను. శేషన్న పెద్దక్క లక్ష్మీదేవమ్మను తొమ్మిదో ఏట ఆలూరు సీమలో ఒక జాతరలో బసివిగా విడిచారు. దేవుడికి విడిచిన పిల్ల అన్నారు. మనిషికీ పెండ్లికీ దూరమై, ఆటకూ పాటకూ ఊరూరా తిరిగి, ఇరవై ఆరో ఏట రోగంతో పోయింది. ఆ దుఃఖంతోనే వాళ్ళ నాయన సంఘంలో చేరాడు. మన సంఘపు పుస్తకం మొదటి పేజీలో మొదటి కట్టుబాటు ఇది: మన ఆడబిడ్డను ఆటకు గాని పాటకు గాని విడువరాదు. యాభై ఏళ్ళుగా ఒక్కరూ దాటలేదు.

శేషన్న అడుగుతాడని తెలిసి మూడు రోజుల ముందునుంచే నేను ఆ పుస్తకాన్ని తెలుగు చేసి పెట్టుకున్నాను. వాడుక మాటల్లో కాదు. గుడిలో చదివేది గనుక బైబిలు తెలుగులో, గంభీరంగా. పాత నీళ్ళ గోపురంలో నక్షత్రాలు చూపించే సంగతి చదివితే వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు జరిగారు. ఊచలు లేకుండా కందకం మాత్రమే తవ్వి సింహాలను ఉంచిన తోట గురించి చదివితే, సింహమూ మేకా ఒకచోట ఉండే రోజు వచ్చిందా ఏమిటి అన్నారు అయ్యగారు నవ్వుతూ. పెద్ద గుడిలో వాద్యం ఉచితంగా వినవచ్చునన్నది అందరికీ నచ్చింది. నాకు ఉత్సాహం వచ్చింది. తర్వాతి పేజీ తలకట్టులో ఎంజాయ్‌మెంట్స్ అనే మాట ఉంది. నాటకశాల, పాటల కచేరీ, నాట్యం, సినిమా బొమ్మల కొట్టాలు, పడవలు, అన్నిటికీ కలిపి పెట్టిన పేరు. దానికి నేను మొదట సుఖభోగములు అని రాసుకున్నాను. చదివి చూస్తే బరువుగా ఉంది. సుఖ అన్నది కొట్టేశాను.

గొంతు పెంచి చదివాను: "ఈ నగరపు భోగములు ప్రతి విద్యార్థికిని సాయంకాలములయందు సగము వెలకే తెరచియుండును. అచ్చట స్త్రీలు సంగీతముతో నాట్యమాడుదురు."

నేను ఇంకో వాక్యం చదివాను గాని అది ఎవరూ వినలేదు. శేషన్న లేచి నిలబడ్డాడు.

"ఏం చదివినావు మాస్టరూ? భోగమోళ్ళా?"

ఇక్కడ నేను ఆగి, అది కాదు శేషన్నా, మాట తప్పింది అని ఉంటే సరిపోయేది. నా నోరు అటు తిరగలేదు. ఆ రోజు చదవడానికి ముందు నేనే అందరి ముందూ చెప్పి ఉన్నాను, ఇరవై తొమ్మిది ఏళ్ళలో ఒక అర్జీలో గాని ఒక ఉత్తరంలో గాని ఒక్క మాట తప్పు చదివినవాణ్ణి కాదని. పైగా నాట్యానికి ఆ పుస్తకంలో వాడిన పేరు నేను ఎప్పుడూ వినలేదు. అది ఎలాంటి నాట్యమో నాకు నిజంగానే తెలియదు. తెలియదనే మాట నా బడిలో పిల్లలు అనేది, నేను అనేది కాదు.

"పుస్తకంలో ఉన్నదే చదివాను," అన్నాను.

ఆడవాళ్ళ వైపునుంచి జీవమ్మ లేచింది. గుడిలో ఆడవాళ్ళు లేచి మాట్లాడేది లేదు. "మాస్టరయ్యా, అది ఆ మాట కాదు గదా. మీరు చెప్పండి," అంది. బతిమాలినట్టు లేదు. నేను చెబుతానని నమ్మి అడిగినట్టుంది.

"నీకంటే నాకు ఇంగ్లీషు తక్కువా?" అన్నాను.

ఆమె కూర్చుంది. శేషన్న మొదటి పేజీ తిప్పి కట్టుబాటు చదివించాడు. మిగతా ఇద్దరు పెద్దలూ తల వంచుకున్నారు. అయ్యగారు నా వైపు ఒకసారి చూసి, పెద్దలు ఒప్పకుండా తాను చేవ్రాలు చేయలేనని చెప్పి, తర్వాతి ఊరికి సైకిలెక్కారు. నేను చదివిన వాక్యం ఉన్నది ఉన్నట్టు మినిట్సు పుస్తకంలోకి ఎక్కింది. రాసింది నేనే, నా దస్తూరీలోనే.

ఆ రోజునుంచి పదిహేను రోజులు. జీవమ్మ మరునాడే పద్నాలుగు మైళ్ళు నడిచి అయ్యగారి ఇంటికి పోయింది. పెద్దల మాట తెమ్మన్నారు. శేషన్న ఇంటికి పోయింది. అతను తిట్టలేదు, తలుపు దగ్గరే నిలబడి, మా అక్కను విడిచేనాడు కూడా మంచి తావే అన్నారమ్మా అని చెప్పి లోపలికి పోయాడు. మిగతా పెద్దలు శేషన్న వైపు చూపించారు. మార్తమ్మకు ఉత్తరం రాసింది. ఏడో రోజు మార్తమ్మ జవాబు వచ్చింది, ఇంగ్లీషులో, సంఘపు పెద్దలకు. ఇంగ్లీషు ఉత్తరం గనుక పెద్దలు దాన్ని నా చేతికే పంపారు.

ఒంటరిగా చదివాను. ఆ నాట్యం గౌరవమైన ఇళ్ళ పిల్లలు చిన్ననాటినుంచి నేర్చుకునేదనీ, తన సొంత మేనకోడలు నేర్చుకుంటోందనీ, జీవమ్మ ఉండేది ఆసుపత్రి సిస్టర్ల ఇంట్లోననీ, మీ తెలుగులో ఏ మాటతో చదివారో తనకు తెలియదు గాని ఆ మాట తప్పనీ రాసింది. ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టాను. పెద్దలు అడిగితే రేపు చదివి వినిపిస్తానన్నాను. మరునాడూ రేపే అన్నాను. ఇంతకంటే నీచమైన పని నేను చేయలేదు. దీన్ని కూడా ఇక్కడే రాస్తున్నాను.

జీవమ్మ రోజూ పొద్దున వచ్చి నా అరుగు మీద కూర్చునేది. బడి గంట కొట్టేవరకు కూర్చుని లేచిపోయేది. మనిషి నాలుగు రోజుల్లోనే సగమైంది. చెలమ దగ్గర ఇప్పుడు ఎవరూ హాంబర్గు అడగడం లేదట. భోగమోళ్ళ ఊరికి పోతానన్న పిల్ల అని ఒకరిద్దరు నవ్వారట. చేతి పని లేకుండా ఆమెను నేను మొదటిసారి చూసింది ఆ అరుగు మీదే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడికో పోవాల్సిన బస్సు కోసం చూస్తున్నట్టుండేది.

ఇరవై ఏడో తేదీ శుక్రవారం కూతురు రాలేదు. తల్లి వచ్చింది. ఓబులమ్మ చేలోనుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నిండా మట్టి. అరుగు కింద నిలబడింది.

"పిల్ల రాత్రినుంచి అన్నం ముట్టలేదు. ఆ పుస్తకం బొమ్మలన్నీ నాకు చూపించి, ఇది చెరువు, ఇది గోపురం అని మళ్ళా మొదటినుంచి చెప్తాంది. సావుకు ముందు చెప్పినట్ల చెప్తాంది మాస్టరూ," అంది. ఆగి, "మేము నీళ్ళ కోసరం ఎంతమంది బావుల కాడ దోసిళ్ళు పట్టినామో నీకు తెలుసు. నీ కాడ పట్టేది ఒక్క మాటకు. తప్పు చదివితినని చెప్పప్పా. అంత బరువా?" అంది.

అంత బరువే. కాని ఆమె ముందు ఆ మాట అనలేకపోయాను. బైబిల్లోనుంచి ఉత్తరం తీశాను. రేపు పొద్దున్నే శేషన్నను, తక్కిన పెద్దలను పిలుచుకుని అయ్యగారి దగ్గరికి పోదామన్నాను. సోమవారానికి మద్రాసులో అందాలంటే శనివారం కర్నూలులో మనిషి రైలెక్కాలి. నేనే ఎక్కుతానన్నాను.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. మూడు నెలలు ముఖం చూపని వాన ఆ శుక్రవారం పట్టుకుంది. తెల్లవారేసరికి, ఆడవాళ్ళు చిప్పతో తోడుకున్న ఆ వంక గట్లు దాటి పారుతూ ఉంది. ఎర్రటి నీళ్ళు, చెట్లు కొట్టుకొస్తున్నాయి. బస్సు అవతలి గట్టునే ఆగిపోయింది. అయ్యగారి ఊరు అవతలే. ఊరంతా గట్టు మీదికి వచ్చి దణ్ణాలు పెట్టింది. చేలు తడిశాయని నవ్వేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. హనుమంతమ్మ వరద నీళ్ళు నెత్తిన చల్లుకుంది. ఆ సంతోషం నడుమ జీవమ్మ సర్టిఫికెట్ల సంచి రొమ్ముకు అదుముకుని నీళ్ళ అంచున నిలబడి ఉంది. దిగబోయింది కూడా. బాలస్వామి వంకర కాలితో పడుతూ లేస్తూ పోయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి కింద దావ ఉండాదంటివే," అన్నాడు. "ఈడ తవ్వలేదు నాయనా నేను. తవ్వలేదు."

ఆదివారమూ వంక తగ్గలేదు. అయ్యగారు లేకుండానే ఆరాధన చేశాము. వాక్యం చదవడానికి నన్ను పిలిచారు. చదవలేదు. నిలబడి మార్తమ్మ ఉత్తరం మొత్తం వినిపించాను. తర్వాత, "నేను తప్పు చదివాను. ఆ మాటకు తెలుగు నాకు తెలియదు. తెలిసినట్టు చదివాను. ఉత్తరం వచ్చి వారమైంది, దాచాను," అన్నాను. నాలుగు వందల పన్నెండు మందిలో సగం మంది ఎదురుగా కూర్చుని ఉన్నారు.

శేషన్న కోప్పడతాడనుకున్నాను. అతను ఆడవాళ్ళ వైపు చూశాడు, జీవమ్మ తలెత్తలేదు.

"మా యక్క పేరు పెట్టి ఈ పిల్లను ఆపితిని గదా మాస్టరూ," అన్నాడు. "ఇన్నాళ్ళు ఏంటికి చెప్పలేదు?"

శేషన్న కలం అందుకుని నడవడి ఉత్తరం మీద చేవ్రాలు చేశాడు. తక్కిన ఇద్దరూ చేశారు. నా సంతకం కూడా పెట్టాను. ఎన్నో అర్జీల కింద పెట్టి మురిసిన సంతకం.

మంగళవారానికి వంక మోకాలి లోతుకు దిగింది. జీవమ్మా నేనూ దాటి, బురదలో నడిచి, అయ్యగారి చేవ్రాలు తీసుకుని, కోడుమూరు తపాలాఫీసులో తంతి ఇచ్చి, కర్నూలులో రైలెక్కి, గురువారం మద్రాసులో మిషను ఆఫీసు మెట్లు ఎక్కాము. గుమాస్తా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. ముప్పైతో గడువు ముగిసిందనీ, ఒకటో తేదీనే బద్వేలు పిల్ల ఒకామెను ఖాయం చేశారనీ, ఓడ కాగితాలు కూడా అయ్యాయనీ చెప్పాడు. మార్తమ్మ ఎంత చెప్పినా రెండో చోటు లేదన్నారట. నేను లేచి, నేనెవరో, ఎన్నేళ్ళు పనిచేశానో, ఏ తహసీల్దారు నాకేం రాసిచ్చాడో చెప్పడం మొదలుపెట్టాను. జీవమ్మ నా కండువా కొస పట్టి లాగింది.

"చాలు మాస్టరయ్యా. పోదాం పాండి," అంది.

సముద్రం దగ్గరే ఉంది, ఓడలు కనిపిస్తాయి, చూసి పోదామా అన్నాను. అడ్డంగా తల ఊపింది. రైల్లో కిటికీ వైపు కూడా కూర్చోలేదు.

మార్తమ్మ వెళ్ళిపోయాక ఆ ఆసుపత్రిలో ఉండలేక జీవమ్మ పల్లెకు వచ్చేసింది. రెండేళ్ళుగా ఇక్కడా చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళలోనూ కాన్పులు ఆమె చేతిమీదే. నూట నలభై పైన చేసింది. అడ్డం తిరిగిన బిడ్డలు నాలుగు. నలుగురిలో ఒక్కరినే దక్కించింది. మిగతా మూడుసార్లు ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, ఆ పట్నంలో అయితే బతికేవాళ్ళు అనేదట. ఓబులమ్మ ఈ మాట నాకు చెప్పడానికి ప్రత్యేకంగా వచ్చింది. చెప్పి పోయింది. చెప్పాల్సిందే.

జీవమ్మ ఆ పట్నం పుస్తకం ఇప్పుడు ఎవరికీ చదవదు. కాన్పు గదిలో మాత్రం చెబుతుంది. ఈ ఫిబ్రవరిలో శేషన్న కోడలికి నొప్పులు వచ్చి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తెగలేదు. శేషన్నా నేనూ పందిరి కింద కూర్చున్నాము. గోడ అవతలనుంచి జీవమ్మ గొంతు, ఎక్కడా ఆగకుండా వినిపిస్తూ ఉంది. పడవ ఎక్కినాం, కాలు ఇట్ల పెట్టు. అదిగో మొదటి వంతెన వస్తాంది, గట్టిగా ఊపిరి పట్టు. పోయింది, ఇడువు. ఇంగ రెండోది. కోడలి కేక. ఏం కాలేదు, గుడి గోపురం దాటుతాండాం, చెయ్యి నీళ్ళలో పెట్టు, సల్లగుండాది సూడు. శేషన్న తల వంచుకుని వింటున్నాడు. కాసేపటికి నన్ను మోచేత్తో తట్టి, రంగు దీపాల నీళ్ళ కాడికి పోలేదా ఇంగా అన్నాడు. అది చివర వస్తుందన్నాను. ఆ మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

బిడ్డ బతికింది. జీవమ్మ బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ ఉంటే, ఆ పట్నం నీకు కొట్టిన పిండి అయిందే అన్నాను. పలకరింపుగా అన్నాను.

"ఆ ఊర్లో దావలన్నీ తెలుసు మాస్టరయ్యా," అంది. "ఈ ఊర్లోనే, పని అయినాక యాడికి పోవల్లనో తెలీదు." చెంబు బోర్లించి ఇంటికి పోయింది. ఇంట్లో ఆమె కోసం ఏదో ఒక పని ఉంటుంది.

ఈ పండుగ పుస్తకం కోసం పాత మినిట్సు తిరగేస్తూ పోయిన వారం ఆ పేజీ దగ్గర ఆగాను. నేను చదివిన వాక్యం, నా దస్తూరీలో, ముద్దుగా. దిద్దుతానని పెద్దలను అడిగాను, ఒప్పుకున్నారు. భోగములు కొట్టేశాను. పైన ఏం రాయాలో తెలియలేదు. నా దగ్గరున్న రెండు నిఘంటువులూ చూశాను. వినోదములు అంటే తేలికైంది, సుఖములు అంటే మళ్ళీ అదే దారి. చివరికి మినిట్సు పుస్తకం చంకన పెట్టుకుని బాలస్వామి ఇంటికి పోయాను. జీవమ్మ సంచిలో కత్తెర, దారం, గుడ్డలు సర్దుకుంటోంది. కోడుమూరు దారిలో ఎవరికో నొప్పులు మొదలయ్యాయట, బండి వాకిట్లో ఉంది.

ఆ మాటకు తెలుగు ఏం రాయమంటావు, నాకు తెలియదు అని అడిగాను. ఈ వాక్యం నా జీవితంలో రెండోసారి అనడం.

ఆమె కొట్టేసిన మాటను చూసింది. వేలు దాని మీద పెట్టి కాసేపు తీయలేదు. బండివాడు పిలిచాడు.

"సూసేటివి అని రాయండి," అంది. "అంతే గదా అది. సూసేటివి."

ఆమె బండి ఎక్కింది. నేను వాకిట్లోనే, బాలస్వామి మోకుల పక్కన కూర్చుని రాశాను. ఈ నగరమున చూసేటివి ప్రతి విద్యార్థికిని సాయంకాలములయందు సగము వెలకే తెరచియుండును. కింద తేదీ వేసి, తప్పు చదివినవాడు గాబ్రియేలు అని సంతకం పెట్టాను.